ఎఫ్‌ఎం గరగరలో తొలి నక్షత్రాల కబురు: విశ్వంలోని హైడ్రోజన్ ఎలా విడిపోయింది?

ఈ ఎపిసోడ్‌కి ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తా. ఇంట్లో ఎఫ్‌ఎం ఉన్న పాత ఫోన్ ఏదైనా ఉంటే తీయండి. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టండి. ఆ వైరే యాంటెన్నాగా పనిచేస్తుంది, అందుకే అది గుచ్చకపోతే చాలా ఫోన్లలో ఎఫ్‌ఎం ఆన్ కూడా కాదు. ఇప్పుడు 98.3 పెట్టండి. హైదరాబాద్‌లో ఉంటే మిర్చి వస్తుంది. మెల్లగా పక్కకి జరపండి. స్టేషన్ పోయి గరగర మొదలవుతుంది.

ఆ 98.3 మెగాహెర్ట్జ్ మీద మన దగ్గరికి మిర్చి ఒక్కటే రావట్లేదు. విశ్వం పుట్టిన సుమారు 30 కోట్ల ఏళ్లకి హైడ్రోజన్ పరమాణువుల నుంచి బయల్దేరిన రేడియో తరంగం కూడా సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీ మీద ఇవాళ మన మీద పడుతోంది. మన ఇయర్‌ఫోన్‌కి అది వినపడదు. నిజం చెప్పాలంటే, అందరూ ఒప్పుకునేలా ఇప్పటివరకు ఎవరికీ వినపడలేదు.

ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవాలి. మా పాత ఎపిసోడ్ ఒకదాంట్లో "తొలి నక్షత్రాల సిగ్నల్ 2018లో దొరికేసింది" అని మస్తు కాన్ఫిడెంట్‌గా చెప్పేశాను. అది పూర్తి కథ కాదు. అసలు కథలో మన అనంతపురం పల్లె ఒకటి ఉంది, కర్ణాటక చెరువు ఒకటి ఉంది. ఈ ఎపిసోడ్ ఆ తప్పుకి సవరణ అనుకోండి.

హైడ్రోజన్ కథ, మూడు సీన్లలో

ముందు బేసిక్స్. హైడ్రోజన్ అంటే అన్నిటికంటే సింపుల్ పరమాణువు. మధ్యలో ఒక ప్రోటాన్, దానికి కట్టుబడి ఒక ఎలక్ట్రాన్, అంతే. ఆ ఎలక్ట్రాన్‌ని పీకేస్తే మిగిలేది అయాన్. ఇలా పీకేయడాన్నే అయనీకరణం అంటాం, ఇంగ్లిష్‌లో అయొనైజేషన్. విశ్వంలో మామూలు పదార్థం బరువులో మూడొంతుల దాకా హైడ్రోజనే. కాబట్టి హైడ్రోజన్‌కి ఏం జరిగిందో తెలిస్తే విశ్వానికి ఏం జరిగిందో చాలావరకు తెలిసినట్టే.

మొదటి సీన్. విశ్వం వయసు 3,80,000 ఏళ్ల లోపు. అంతా విపరీతమైన వేడి. ప్రోటాన్లు వేరు, ఎలక్ట్రాన్లు వేరు. కలిసినా వెంటనే విడిపోతాయి. వేడి ఎంత ఉంటే ఎంత శాతం పరమాణువులు విడిపోయి ఉంటాయో లెక్కగట్టే సమీకరణాన్ని ఇచ్చింది మన మేఘనాథ్ సాహా, 1920లో. ఆయన దాన్ని సూర్యుడి, నక్షత్రాల వాతావరణం కోసం రాశారు. అదే సమీకరణంలో విశ్వం లెక్కలు పెడితే, సుమారు 3,000 కెల్విన్ దగ్గర ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు కలిసి హైడ్రోజన్ అయిపోవాలని వస్తుంది.

రెండో సీన్. అలాగే జరిగింది. విశ్వం వ్యాపిస్తూ చల్లబడి ఆ ఉష్ణోగ్రతకి వచ్చేసరికి పరమాణువులు తయారయ్యాయి. అప్పటిదాకా ఎలక్ట్రాన్లకి తగిలి దారి తప్పుతున్న కాంతి ఒక్కసారిగా బయటపడింది. ఆ కాంతే ఇవాళ మైక్రోవేవ్‌గా అన్ని వైపుల నుంచీ వస్తోంది. దాన్ని విశ్వ నేపథ్య కాంతి అందాం. ఆ తర్వాత కోట్ల ఏళ్ల పాటు ఒక్క నక్షత్రం కూడా లేదు. తటస్థంగా కూర్చున్న హైడ్రోజన్, చీకటి, అంతే. వీటినే చీకటి యుగాలు అంటారు.

మూడో సీన్. గురుత్వాకర్షణతో గ్యాస్ ముద్దలు కట్టి తొలి నక్షత్రాలు వెలిగాయి, తర్వాత గెలాక్సీలు వచ్చాయి. వాటి నుంచి వచ్చిన తీవ్రమైన అతినీలలోహిత కాంతి చుట్టూ ఉన్న హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లని మళ్లీ పీకేసింది. ఇది రెండోసారి కాబట్టి రీఅయొనైజేషన్, అంటే పునరయనీకరణం. విశ్వానికి సుమారు 100 కోట్ల ఏళ్లు వచ్చేసరికి ఈ పని పూర్తయింది. ఇవాళ గెలాక్సీల మధ్య ఖాళీల్లో ఉన్న హైడ్రోజన్‌లో పదివేలకి ఒక్కటి కూడా తటస్థంగా మిగల్లేదు.

ఇది ఎలా జరిగి ఉంటుందో ఊహించడానికి మా ఏరియా ఉదాహరణ చెప్తా. రంజాన్ టైంలో రాత్రి లాడ్ బజార్‌లో కరెంటు పోయిందనుకోండి. ఒక గాజుల షాపులో ఇన్వర్టర్ ఆన్ అవుతుంది. దాని ముందు కొంచెం మేర వెలుగు. అవతల ఇంకో షాపు, ఇంకో వెలుగు ముద్ద. ఇలా ఒక్కొక్కటీ పెరిగి, పక్కపక్క వెలుగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, చివరికి చీకటి సందులే మిగులుతాయి. తర్వాత అవీ పోతాయి. హైడ్రోజన్ కూడా అంతే. గెలాక్సీ గుంపుల చుట్టూ అయాన్ల బుడగలు పుట్టి, పెరిగి, ఒకదానితో ఒకటి కలిసిపోయాయి.

ఖగోళ శాస్త్రవేత్తల ప్రశ్న ఏంటంటే, ఏ షాపు ఇన్వర్టర్ ముందు ఆన్ అయింది? పెద్ద షాపులదా, చిన్న బండ్లదా? బజార్ మొత్తం వెలగడానికి ఎంతసేపు పట్టింది?

పొగమంచు అనే మాటలో చిన్న మోసం

చాలా వీడియోల్లో "తొలి విశ్వం పొగమంచులా ఉండేది, నక్షత్రాలు ఆ మంచుని కరిగించాయి" అంటారు. నేనూ అన్నాను. సగమే కరెక్ట్. తటస్థ హైడ్రోజన్ అన్ని రకాల కాంతినీ ఆపదు. ముఖ్యంగా ఆపేది అతినీలలోహితాన్ని. 91.2 నానోమీటర్ల కంటే పొట్టి తరంగం తగిలితే ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. 121.6 నానోమీటర్ల కాంతి తగిలితే ఎలక్ట్రాన్ ఊడదు, ఒక మెట్టు పైకెక్కుతుంది. దీనికి లైమన్ ఆల్ఫా అని పేరు. మామూలుగా మన కంటికి కనిపించే కాంతి మాత్రం దాదాపు ఏ అడ్డూ లేకుండా దాటిపోతుంది.

ఏ కాంతి ఆగుతుందో, ఏది ఆగదో ఆ తేడానే శాస్త్రవేత్తల పనిముట్టు. 1,300 కోట్ల ఏళ్ల కిందటి గ్యాస్‌ని సీసాలో పట్టి టెస్ట్ చేయలేం కదా. ఆ గ్యాస్ కాంతికి ఏం చేసిందో చూసి, అది ఏ స్థితిలో ఉందో చెప్పాలి.

నాలుగు దారులు

మొదటి దారి, క్వేజార్లు. క్వేజార్ అంటే పెద్ద బ్లాక్ హోల్ చుట్టూ మండిపోతున్న గెలాక్సీ కేంద్రం, చాలా దూరం నుంచి కూడా కనిపించే టార్చిలైటు. దాని కాంతి మన దాకా వచ్చే దారిలో తటస్థ హైడ్రోజన్ ఉంటే లైమన్ ఆల్ఫా దగ్గర కాంతి మింగేయబడుతుంది. 1965లో జేమ్స్ గన్, బ్రూస్ పీటర్సన్ ఈ ఐడియా చెప్పారు. అలా పూర్తిగా మింగేసిన గుర్తు 2001లో స్లోన్ సర్వేలో దొరికిన ఒక క్వేజార్‌లో కనపడింది. దాని కాంతి విశ్వానికి సుమారు 90 కోట్ల ఏళ్లప్పుడు బయల్దేరింది. కానీ ఈ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. పదివేలలో ఒక్క హైడ్రోజన్ తటస్థంగా ఉన్నా కాంతి మొత్తం ఆగిపోతుంది. పరీక్షలో 35 రాకపోతే చాలు ఫెయిల్ అన్నట్టు. 34 వచ్చిందా, సున్నా వచ్చిందా చెప్పదు. అందుకే ఇది కథ ముగింపుని చూపిస్తుంది గానీ మధ్యలో జరిగింది చూపించదు.

రెండో దారి, విశ్వ నేపథ్య కాంతి. రీఅయొనైజేషన్‌లో ఊడిన ఎలక్ట్రాన్లకి ఆ పాత కాంతి కొంచెం తగిలి చెదురుతుంది. ప్లాంక్ ఉపగ్రహం 2018లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆ కాంతిలో సుమారు 5 శాతం అలా చెదిరింది. దాన్నిబట్టి ఈ ఘట్టం మధ్య భాగం విశ్వానికి దాదాపు 70 కోట్ల ఏళ్లప్పుడు నడిచిందని అంచనా. మంచి లెక్కే, కానీ ఇది నెల చివర బ్యాంక్ బ్యాలెన్స్ లాంటిది. మొత్తం తెలుస్తుంది, ఏ రోజు ఎంత ఖర్చయిందో తెలియదు.

మూడో దారి, గెలాక్సీలని నేరుగా చూడటం. ఇక్కడ హీరో జేమ్స్ వెబ్ టెలిస్కోప్. విశ్వానికి 33 కోట్ల ఏళ్లున్నప్పటి ఒక గెలాక్సీ నుంచి లైమన్ ఆల్ఫా కాంతి వస్తోందని 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. చుట్టూ తటస్థ హైడ్రోజన్ నిండి ఉండాల్సిన కాలంలో ఆ కాంతి ఎలా బయటపడింది? ఆ గెలాక్సీ తన చుట్టూ అప్పటికే ఒక బుడగ చేసుకుని ఉండాలి. లాడ్ బజార్‌లో అందరికంటే ముందు ఆన్ అయిన ఇన్వర్టర్ అన్నమాట.

ఈ దారిలో మనవాళ్ల పని కూడా ఉంది. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ గుర్తుందా? దాంట్లోని అతినీలలోహిత టెలిస్కోప్‌తో పుణేలోని ఐయూకా శాస్త్రవేత్త కనక్ సాహా బృందం 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి, ఎలక్ట్రాన్‌ని పీకేయగలిగేంత శక్తి ఉన్న కాంతి బయటికి కారుతున్నట్టు 2020లో చూపించింది. ఇదెందుకు ముఖ్యం? గెలాక్సీలో అలాంటి కాంతి పుడితే సరిపోదు. లోపలి గ్యాస్‌ని దాటుకుని బయటపడితేనే బయటి హైడ్రోజన్‌ని విడగొట్టగలదు. ఎంత శాతం బయటపడుతుందన్నది ఈ రంగంలో పెద్ద తలనొప్పి ప్రశ్న.

నాలుగో దారి, మన ఎఫ్‌ఎం దారి. మొదటి మూడూ చుట్టుపక్కల సాక్ష్యాలు. ఇది మాత్రం నేరుగా హైడ్రోజన్ నోటి మాట.

21 సెంటీమీటర్లు

హైడ్రోజన్‌లోని ప్రోటాన్, ఎలక్ట్రాన్ రెండూ బుల్లి అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. రెండూ ఒకే వైపు తిరిగి ఉంటే శక్తి కాస్త ఎక్కువ, వ్యతిరేకంగా ఉంటే కాస్త తక్కువ. ఎక్కువ నుంచి తక్కువకి దిగినప్పుడు ఒక రేడియో తరంగం వస్తుంది. పొడవు 21 సెంటీమీటర్లు, ఫ్రీక్వెన్సీ 1420 మెగాహెర్ట్జ్. ఒక పరమాణువుని దాని మానాన వదిలేస్తే ఇలా దిగడానికి సగటున కోటి ఏళ్లు పైనే పడుతుంది. కానీ విశ్వంలో హైడ్రోజన్‌కి కొదవ లేదు, కాబట్టి ఎక్కడో ఒకచోట ఎప్పుడూ దిగుతూనే ఉంటుంది. డచ్ శాస్త్రవేత్త వాన్ డి హల్స్ట్ 1944లో దీన్ని ఊహించి చెప్పారు. 1951లో మన పాలపుంత నుంచే అది దొరికింది.

విశ్వం వ్యాపిస్తోంది కాబట్టి దారిలో ఈ తరంగం కూడా సాగుతుంది. ఎంత పాత తరంగమో అంత ఎక్కువ సాగి ఉంటుంది. లెక్క చాలా ఈజీ. 1420ని మీ ట్యూనర్‌లోని నంబర్‌తో భాగించండి. 98.3 పెడితే దాదాపు 14.4 వస్తుంది. అంటే తరంగం 14.4 రెట్లు సాగి, 21 సెంటీమీటర్లది 3 మీటర్లయింది. అది బయల్దేరినప్పటి విశ్వం వయసు సుమారు 30 కోట్ల ఏళ్లు. 200 మెగాహెర్ట్జ్ దగ్గర చూస్తే విశ్వానికి 90 కోట్ల ఏళ్ల పైమాట. అంటే ట్యూనర్ తిప్పడమంటే వీడియోలో సీక్ బార్ జరపడమే. నంబర్ తగ్గిస్తే వెనక్కి వెళ్తాం, పెంచితే ముందుకి వస్తాం.

ఆ వీడియోలో ఏం కనపడాలి? వెనకాల విశ్వ నేపథ్య కాంతి ఒక బ్యాక్‌లైట్‌లా వెలుగుతోందనుకోండి. తొలి నక్షత్రాలు వెలిగిన కొత్తలో హైడ్రోజన్ ఆ బ్యాక్‌లైట్ కంటే చల్లగా ఉంది కాబట్టి నీడలా కనపడాలి. తర్వాత ఎక్స్‌రేలు గ్యాస్‌ని వేడెక్కిస్తే అదే హైడ్రోజన్ కొంచెం మెరుపులా కనపడాలి. ఆఖర్న అయాన్లుగా విడిపోతే ఎలక్ట్రాన్ ఉండదు, తరంగమూ ఉండదు, సిగ్నల్ సున్నా. నీడ, మెరుపు, సున్నా. ఈ మూడూ ఏ నంబర్ల దగ్గర మారాయో పట్టుకుంటే తొలి నక్షత్రాల డైరీ మన చేతిలో ఉన్నట్టే.

మరి ఇంత ఈజీ అయితే ఇంకా ఎందుకు పట్టుకోలేదు? ఆ ఫ్రీక్వెన్సీల్లో మన పాలపుంతే వెయ్యి కెల్విన్ స్థాయిలో గోల చేస్తుంది. హైడ్రోజన్ సిగ్నల్ కెల్విన్‌లో పదో వంతు స్థాయిది. అంటే పదివేలకి ఒక వంతు. లాల్‌దర్వాజ బోనాల్లో డీజే బండి పక్కన నిలబడి, గుంపులో ఎవరిదో కాలి పట్టీ చప్పుడు వినమన్నట్టు. ఆ డీజే గోల మీద ఎఫ్‌ఎం స్టేషన్లు, విమానాలు, ఉపగ్రహాలు కూడా ఉన్నాయి.

ఒక్క ఆశ ఏంటంటే పాలపుంత గోల నున్నగా ఉంటుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఒక వంపుగా, ఎగుడుదిగుడు లేకుండా తగ్గుతుంది. హైడ్రోజన్ సిగ్నల్‌లో మాత్రం గుంట, గుట్ట ఉంటాయి. నున్నటి భాగం తీసేస్తే మిగిలిన గుంటే హైడ్రోజన్. అలా మిగిలింది నిజంగా హైడ్రోజనేనా అన్నదే అసలు సమస్య.

టింబక్టులో రాత్రులు

ఇప్పుడు మన అనంతపురానికి వద్దాం. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అని ఉంది. అప్పట్లో అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. బీడు భూములని మళ్లీ పచ్చగా చేయడం, రైతు సహకార సంఘాలు, ఇలాంటి పనులకి పేరున్న చోటు. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తమ సారస్ 2 అనే రేడియో పరికరాన్ని తీసుకొచ్చి అక్కడ పెట్టారు. కారణం సింపుల్, అక్కడ రేడియో గోల తక్కువ. నగరం నుంచి పారిపోవడమే ఈ ప్రయోగంలో మొదటి మెట్టు.

సారస్ 2 యాంటెన్నా చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. పెద్ద డిష్ కాదు. అడుగున పళ్లెం లాంటి చక్రం, దాని మీద ఒక గోళం. ఆ ఆకారం ఎందుకంటే, యాంటెన్నా తనంతట తాను ఏ గుంటనీ, గుట్టనీ పుట్టించకూడదు. వేర్వేరు ఫ్రీక్వెన్సీల దగ్గర ఒక్కోలా ప్రవర్తిస్తే, ఆ తేడానే హైడ్రోజన్ అని పొరబడతాం.

110 నుంచి 200 మెగాహెర్ట్జ్ మధ్య, అంటే విశ్వానికి సుమారు 37 కోట్ల ఏళ్ల నుంచి 90 కోట్ల ఏళ్ల పైదాకా ఉన్న కాలాన్ని వాళ్లు విన్నారు. రాత్రిపూట సేకరించిన 63 గంటల డేటా. సౌరభ్ సింగ్, రవి సుబ్రహ్మణ్యన్, మిగతా బృందం 2017లో ఫలితాలు ప్రచురించారు.

ఏం దొరికింది? సిగ్నల్ దొరకలేదు.

ఆగండి, వీడియో మూసేయకండి. సిద్ధాంతకారులు తొలి నక్షత్రాల గురించి రకరకాల కథలు రాసి పెట్టారు. కొన్ని కథల్లో ఎక్స్‌రే వేడి చాలా తక్కువ, రీఅయొనైజేషన్ మాత్రం చకచకా జరిగిపోయింది. అలా జరిగి ఉంటే హైడ్రోజన్ చల్లగా ఉండగానే, అంటే లోతైన నీడలో ఉండగానే, ఒక్కసారిగా మాయమవ్వాలి. ఆ బ్యాండ్‌లో పెద్ద, నిటారు గుంట కనపడాలి. టింబక్టు డేటాలో అలాంటి గుంట లేదు. కాబట్టి ఆ కథలు నమ్మదగ్గవి కావని తేలింది. కోడింగ్ చేసేవాళ్లకి ఇది తెలుసు. బగ్ ఏ ఫైల్‌లో లేదో ఖాయంగా తెలియడం కూడా పెద్ద పనే.

2018 షాక్, చెరువు మీద జవాబు

2018 ఫిబ్రవరి చివర్లో ఈడ్జెస్ అనే ప్రయోగం నేచర్‌లో బాంబు పేల్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో బల్లంత యాంటెన్నాతో, 78 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక గుంట కనపడిందన్నారు. విశ్వానికి 20 కోట్ల ఏళ్ల పైచిలుకు ఉన్న కాలం. రీఅయొనైజేషన్‌కి ముందు ఘట్టం, తొలి నక్షత్రాలు అప్పుడే వెలుగుతున్న టైం. గుంట లోతు అర కెల్విన్. సిద్ధాంతం చెప్పిన గరిష్ఠం కంటే రెట్టింపు పైనే.

అంత లోతు రావాలంటే హైడ్రోజన్ అనుకున్నదానికంటే బాగా చల్లగా ఉండాలి. దాన్ని చల్లబరిచింది ఎవరు? డార్క్ మ్యాటరా? నేచర్ అదే సంచికలో ఆ ఐడియా కూడా వచ్చింది. నాలాంటివాళ్లం "డార్క్ మ్యాటర్ ఆధారం దొరికింది" అని గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసేశాం.

ఇక్కడ నా సొంత కథ ఒకటి. జాబ్ మానేసి ఛానెల్ పెట్టిన కొత్తలో లాల్‌దర్వాజలోని మా ఇంట్లోనే రికార్డ్ చేసేవాణ్ని. ప్రతి ఆడియోలో సన్నటి గుయ్య్‌మనే మోత. పక్కింటి అంకుల్ వాళ్ల కూలర్ అనుకున్నా. రాత్రి రెండింటికి రికార్డ్ చేశా, అయినా ఉంది. గల్లీలో ట్రాన్స్‌ఫార్మర్ అనుకున్నా. రెండు వారాల తర్వాత ఒకరోజు ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే మోత ఆగిపోయింది. ఊరంతా వెతికిన దొంగ నా టేబుల్ మీదే ఉన్నాడు. పాపం ఆ అంకుల్‌కి నేను చెప్పిన మాటలకి తర్వాత సారీ చెప్పాల్సి వచ్చింది.

రామన్ సంస్థవాళ్ల అనుమానం కూడా ఇదే రకం. నేల మీద యాంటెన్నా పెడితే, కింద మట్టి, తడి, రాయి పొరలు పొరలుగా ఉంటాయి. వాటి నుంచి తరంగాలు తిరిగి కొడితే స్పెక్ట్రమ్‌లో దొంగ గుంటలు పుట్టొచ్చు. మరి కింద పొరలే లేని చోటు ఏది? నీళ్లు. నీళ్లు లోతుదాకా ఒకేలా ఉంటాయి. అందుకని సారస్ 3ని తెప్ప మీద పెట్టి, 2020 మొదట్లో కర్ణాటకలోని దండిగనహళ్లి చెరువులో, శరావతి బ్యాక్‌వాటర్‌లో తేలించారు.

2022లో నేచర్ ఆస్ట్రానమీలో ఫలితం వచ్చింది. ఈడ్జెస్ చెప్పిన గుంట నిజంగా ఆకాశంలో ఉంటే మా డేటాలో కనపడాలి, కనపడలేదు, 95.3 శాతం నమ్మకంతో దాన్ని తిరస్కరిస్తున్నాం, అన్నారు. గమనించండి, వాళ్లు నూరు శాతం అనలేదు. ఈడ్జెస్ బృందాన్ని తక్కువ చేయడానికి కూడా లేదు. వాళ్లు పద్ధతిని, ఫలితాన్ని బయట పెట్టారు కాబట్టే ఇంకొకరు చెక్ చేయగలిగారు. దక్షిణాఫ్రికాలో రీచ్ లాంటి ప్రయోగాలు ఇంకా చూస్తున్నాయి. కానీ "దొరికేసింది" అని నేను చెప్పడం మాత్రం తప్పు. అదే ఇవాళ సవరిస్తున్నా.

బుడగల ఫోటో ఎప్పుడు?

సారస్, ఈడ్జెస్ వినేది మొత్తం ఆకాశం సగటు. బజార్ మొత్తం మీద ఎంత వెలుగుందో చెప్తాయి, ఏ షాపు దగ్గర ఉందో చెప్పవు. బుడగల మ్యాప్ గీయాలంటే చాలా యాంటెన్నాలు కలిసి పనిచేయాలి. పుణే దగ్గర నారాయణగావ్‌లోని జీఎంఆర్‌టీ అలాంటిది. ఒక్కోటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు. గోవింద్ స్వరూప్ దాన్ని కట్టించేటప్పుడు పెట్టుకున్న లక్ష్యాల్లో ఈ పాత హైడ్రోజన్ తరంగాన్ని వెతకడం కూడా ఒకటి. 150 మెగాహెర్ట్జ్ దగ్గర దాంతో వెతికిన బృందం 2011లో "సిగ్నల్ ఉంటే ఇంతకంటే గట్టిగా మాత్రం లేదు" అని ఒక హద్దు గీసింది. దక్షిణాఫ్రికాలోని హెరా ఆ హద్దుని ఇంకా చాలా కిందికి దించింది.

తర్వాతి పెద్ద ఆశ ఎస్‌కేఏ. ఆస్ట్రేలియాలో దాని తక్కువ ఫ్రీక్వెన్సీ భాగం కోసం 1,31,072 యాంటెన్నాలు పెడుతున్నారు. ఒక్కోటి చూడటానికి క్రిస్మస్ ట్రీలా ఉంటుంది. భారత్ కూడా ఇందులో భాగస్వామి, 2024 జనవరిలో 1,250 కోట్ల రూపాయలకి ఆమోదం వచ్చింది. ఇంకో వైపు రామన్ సంస్థ ప్రత్యూష్ అనే పరికరాన్ని చంద్రుడి కక్ష్యలోకి పంపాలని ప్రతిపాదించింది. చంద్రుడి వెనక వైపుకి వెళ్తే మన ఎఫ్‌ఎంలన్నిటికీ చంద్రుడే అడ్డుగోడ.

పారిపోతున్న ఆకాశం

ఈ పారిపోవడం కొత్తేమీ కాదు. మా పాతబస్తీలోనే ఫిసల్‌బండలో 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఒక అబ్జర్వేటరీ పెట్టారు. 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ ఇంగ్లండ్ నుంచి తెప్పించారు. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆయన తర్వాత అది బేగంపేటకి మారింది. ప్రపంచమంతా కలిసి ఆకాశం మ్యాప్ గీసిన ప్రాజెక్టులో హైదరాబాద్‌కి కూడా తన వాటా ఆకాశం దక్కింది. నగరం పెరిగి వెలుతురు ఎక్కువవడంతో ఉస్మానియా వాళ్లు జపాల్–రంగాపూర్ వైపు వెళ్లి, 1968లో అక్కడ 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టుకున్నారు. ఫిసల్‌బండ నుంచి బేగంపేట, అక్కడి నుంచి రంగాపూర్. రేడియోవాళ్లు టింబక్టు, ఆ తర్వాత చెరువు నడిబొడ్డు, రేపు చంద్రుడి వెనక.

మొన్న ఎడిటింగ్ అయ్యాక రాత్రి డాబా మీద కూర్చుని అమ్మ పాత ఫోన్‌లో ఎఫ్‌ఎం ట్యూనర్ తిప్పాను. స్టేషన్లు లేని చోటు వెతికితే గరగర. దాంట్లో ఎక్కువ భాగం ఫోన్‌దే, కొంత గల్లీలోని చార్జర్లది, కొంత పాలపుంతది. అన్నిటికంటే అడుగున, పదివేలలో ఒక వంతు కూడా లేనంత సన్నగా, ఆ హైడ్రోజన్. అమ్మ వచ్చి "స్టేషన్ పెట్టరా, ఆ గరగరేంది" అంది. మిర్చి పెట్టేశా.

మీ హోంవర్క్: మీకిష్టమైన స్టేషన్ నంబర్ తీసుకుని 1420ని దాంతో భాగించండి. ఎన్ని రెట్లు సాగిందో వస్తుంది. ఎక్కువ వస్తే ఎక్కువ పాతది. వచ్చే ఎపిసోడ్‌లో ఆ రెట్ల నుంచి విశ్వం వయసు ఎలా లెక్కగడతారో, కాగితం మీద పెన్నుతో చేసి చూపిస్తా. ఈ ఎపిసోడ్‌లో ఎక్కడైనా మళ్లీ తప్పు చెప్పి ఉంటే చెప్పండి, ఇలాగే ఇంకో ఎపిసోడ్ చేసి సరిచేస్తా. ఉంటా మరి.